‘లారీ ఢీకొని ఇద్దరు మృతి’: ఇది తప్పు వాక్యమా?

పత్రికల జిల్లా పేజీల్లో తరచుగా కనిపించే శీర్షిక ఇది. బళ్ళో నేర్చుకున్న వ్యాకరణం గుర్తున్నవాళ్ళు కొందరు దీన్ని తప్పుపడతారు. ఢీకొన్నది లారీ అయితే పోవాల్సిందీ లారీయే కదా అని వాళ్ళ వాదన. ఈ తగువు తీరాలంటే క్త్వార్థకం సంగతి చూడాలి.

పేరు చూసి బెదరక్కర్లేదు. వచ్చి, తిని, చూసి, చేసి లాంటివే క్త్వార్థకాలు. సంస్కృతంలో ‘కృత్వా’, ‘గత్వా’ వంటి మాటల చివరి ప్రత్యయాన్ని పాణిని ‘క్త్వా’ అన్నాడు. ఆ అర్థమే ఇచ్చే తెలుగు రూపాలకూ మన వ్యాకర్తలు ఆ పేరే పెట్టారు. వీటితో వాక్యం ముగియదు కాబట్టి ఇవి అసమాపక క్రియలు. ‘వచ్చి’కి కాలం లేదు, లింగం లేదు, వచనం లేదు. వచ్చి తిన్నాడు, వచ్చి తింటారు, వచ్చి తిను... ఆ బాధ్యతంతా చివరి క్రియదే.

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం క్త్వార్థకం చివరి ఇకారానికి సంధి లేదు. గ్రంథాల్లో ‘వచ్చియిచ్చెను’ అనే రాయాలి. నోటికి ఆ పట్టింపు లేదు. చేసిచ్చాడు, వచ్చున్నాడు అని హాయిగా కలిపేస్తాం. గడప దాటుతూ ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అంటామే, అందులో ఉన్నదీ ‘వెళ్ళి’ అనే క్త్వార్థకమే.

ఇక అసలు చిక్కు. పాఠం చెప్పేది ఇది: క్త్వార్థకానికీ చివరి క్రియకూ కర్త ఒకరే ఉండాలి. ‘సీత స్నానం చేసి వంట మొదలెట్టింది’ అంటే రెండూ సీత పనులే. ‘నేను తలుపు తీసి పిల్లి లోపలికొచ్చింది’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ‘తీస్తే’ అనో ‘తీయగానే’ అనో అనాలి.

మరి ‘వానలు కురిసి చెరువు నిండింది’ అంటే ఎవరికీ తప్పుగా తోచదేం? ‘సిలిండర్ పేలి ఇల్లు కాలిపోయింది’, ‘కరెంటు పోయి మోటారు ఆగింది’ కూడా అంతే. మొదటిది రెండోదానికి కారణం కావడం ఒక్కటే చాలదు. తలుపు తీయడమూ పిల్లి రావడానికి కారణమే కదా! తేడా ఎక్కడంటే, కురవడం, పేలడం, పోవడం ఎవరూ కావాలని చేసిన పనులు కావు, జరిగిన ఘటనలు. తలుపు మాత్రం నేను కావాలని తీశాను. కారణంగా నిలిచిన ఘటన అలా తనంతట జరిగినదైతే, కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంటుంది. లారీ శీర్షికా ఈ కోవలోదే కాబట్టి దిద్దే పని లేదు. ‘డ్రైవర్ లారీతో గుద్ది ఇద్దరు చనిపోయారు’ అని రాస్తే మాత్రం తప్పు పట్టాల్సిందే.

‘మేం ఈ ఊరొచ్చి పదేళ్ళయింది’ ఇంకో రకం. వచ్చింది మేము, అయింది పదేళ్ళు. ఇక్కడ ‘వచ్చి’ కాలం లెక్కకు మొదలు చూపుతుంది, అంతే.

వ్యతిరేకార్థం వచ్చినప్పుడూ కర్త ఒకరేనా, వేరా అన్న తేడా పైకి తేలుతుంది. ‘వాడు అన్నం తిని రాలేదు’ అంటే వాడు వచ్చాడు, తినలేదంతే. చివరి క్రియకు తగిలించిన ‘లేదు’ వెనక్కి వెళ్ళి తిండిని పట్టుకుంది. ‘వాన పడి బస్సు రాలేదు’ అన్నప్పుడు వాన పడింది, రానిది బస్సు.