తాలు వైరస్

1937లో సోవియట్ యూనియన్ తూర్పు కొసన ఉన్న టైగా అడవుల్లోకి లెవ్ జిల్బెర్ నాయకత్వంలో ఒక వైద్య బృందం వెళ్లింది. అక్కడ ఏటా వసంతం రాగానే అడవిలో పనిచేసేవాళ్లకు, కాపలా సైనికులకు మెదడువాపు వచ్చేది. కొన్ని నెలల్లోనే బృందం వైరస్‌ను పట్టుకుంది, దాన్ని మనుషులకు ఎక్కిస్తున్నవి గోమార్లేనని తేల్చింది. ఆ పనిలో ఉండగానే మిఖాయిల్ చుమకోవ్ అనే యువ శాస్త్రవేత్త అదే జబ్బున పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ వినికిడి పోయింది, ఒక చెయ్యి చచ్చుబడింది.

ఆ తర్వాత గోమారి జ్వరాలకు టీకా చేయబోయిన ప్రతివాళ్లూ ఈ ప్రమాదాన్ని పక్కనే పెట్టుకుని పనిచేశారు. టీకా కావాలంటే వైరస్ కావాలి, దాన్ని బతికుండగానే పెద్దఎత్తున పెంచాలి. మొదట ఎలుకల మెదళ్లలో, తర్వాత కోడిపిండపు కణాల్లో పెంచి, ఫార్మలిన్‌తో చంపి సూదిమందుగా మార్చారు. వియన్నాలో క్రిస్టియన్ కుంజ్ తయారుచేసిన అలాంటి టీకా 1976 నుంచి ఆస్ట్రియాలో ఈ జబ్బును బాగా వెనక్కి తగ్గించింది. పాత పద్ధతి పనికిరానిదని ఎవరూ అనలేరు. అయితే ఆ ఊరిలోనే మరో దారి కూడా తెరుచుకుంది.

వైరస్ సోకిన కణాల నుంచి తీసిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూసిన పరిశోధకులకు, అసలు వైరస్‌తో పాటు చిన్నవి, తేలికైనవి వేరే రేణువులు కనిపించేవి. వాటికి పైపొర ఉంది, పొర మీద ప్రోటీన్లు ఉన్నాయి, లోపల ఆర్‌ఎన్‌ఏ మాత్రం లేదు. వడ్లలో తాలు గింజ ఎలాగో ఇవీ అలాగే: పైకి చూస్తే గింజే, చల్లితే మొలవదు. ఈ తాలునే కావాలని పండిస్తే?

1990 దశకంలో వియన్నాలో ఫ్రాంజ్ హైన్జ్ బృందం చేసింది అదే. వైరస్ జన్యువుల్లోంచి రెండిటిని మాత్రమే తీసి, పెంపుడు కణాల్లో పెట్టారు. ఒకటి ‘ఇ’ ప్రోటీన్‌ది. వైరస్ పైన పరుచుకుని ఉండే కవచం ఇదే, మన ఒంట్లోని యాంటీబాడీలు పట్టుకునేదీ దీన్నే. రెండోది ‘పీఆర్ఎం’ది. దీని పని చూస్తే ముచ్చటేస్తుంది. ‘ఇ’ సరైన ఆకారంలో మడతపడేదాకా పక్కన ఉండి తోడ్పడుతుంది. కణం లోపలి ఆమ్లగుణం తగిలి ‘ఇ’ వేళకు ముందే విచ్చుకోకుండా దాని కొసను మూసి ఉంచుతుంది. బయటికి వచ్చే దారిలో ఫ్యూరిన్ అనే ఎంజైమ్ దాన్ని కోసేస్తుంది. పీఆర్ఎం లేకుండా ‘ఇ’ని ఒంటరిగా పెడితే అది కణంలోనే చిక్కుకుపోయింది. రెండూ కలిసినప్పుడు ఖాళీ గుండ్లు వాటంతటవే కట్టుకుని బయటికొచ్చాయి.

అసలు వైరస్ వెడల్పు సుమారు 50 నానోమీటర్లు, దాని మీద 180 ‘ఇ’ ప్రోటీన్లుంటాయి. ఈ ఖాళీ గుండు సుమారు 30 నానోమీటర్లు, దీని మీద 60. చిన్నదే అయినా వరుస తప్పలేదు, రోగనిరోధక కణాలను తట్టి లేపేది ఆ వరుసే. అదే ‘ఇ’ని విడివిడిగా కరిగించి ఎలుకలకిస్తే స్పందన బలహీనంగా వచ్చింది. గుండ్లుగా ఇస్తే మొత్తం వైరస్‌ను చంపి చేసిన టీకాకు దీటుగా కాపాడింది.

ఈ పద్ధతి కాగితం మీది ఊహ కాదు. 1986లో అమెరికాలో అనుమతి పొందిన హెపటైటిస్-బి టీకా ఈస్ట్ కణాల్లో చేయించిన ఇలాంటి ఖాళీ రేణువులే. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వ్యాక్-బి’తో దాన్ని మన దేశంలో సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది.

ఇక మన పొరుగున కర్ణాటకకు వద్దాం. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపోయాయి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు జ్వరాన పడ్డారు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం పరిశీలిస్తే, టైగా వైరస్‌కు దగ్గరి చుట్టమే బయటపడింది. దాన్ని పరీక్షించిన ప్రయోగశాల సిబ్బందికీ జబ్బు సోకింది. ఫార్మలిన్ టీకాను ఏళ్ల తరబడి వాడారు. 2005–2010 మధ్య కేసుల్ని లెక్కగట్టిన అధ్యయనంలో రెండు డోసులకు దాని ఫలితం 62 శాతం, బూస్టర్‌తో 83 శాతం. ఆ తర్వాత కూడా బూస్టర్లు మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. 2022లో దాన్ని ఆపేశారు. కట్టెలకు, ఎండుటాకులకు, పశువుల మేతకు అడవికి వెళ్లక తప్పనివాళ్లకు అప్పటిదాకా ఉన్న ఒక్క టీకా కూడా లేకుండా పోయింది. కొత్తదాని కోసం ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కలిసి పనిచేస్తున్నాయి, అయితే అది కూడా చంపిన వైరస్ పద్ధతే.

ఖాళీ గుండు గొప్పతనం నాకు కనిపించేది ఇక్కడే. దాని తయారీలో ఏ దశలోనూ ప్రాణమున్న వైరస్ ఉండదు కాబట్టి, అతికొద్ది చోట్ల మాత్రమే ఉండే కట్టుదిట్టమైన ప్రయోగశాలల కోసం కాచుకోనక్కర్లేదు. కొన్ని జిల్లాలకే పరిమితమైన బీదవాళ్ల జబ్బు విషయంలో ఆ తేడా చాలా పెద్దది. అయినా, ఆస్ట్రియా మొదలు సైబీరియా దాకా టైగా మెదడువాపుకు నేటికీ మనుషులకు వేస్తున్నది చంపిన వైరస్ టీకానే. ఎలుకల్లో గెలిచిన ఖాళీ గుండు మనుషుల్లో ఎన్ని డోసులకు, ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చాలి. శివమొగ్గ ఉన్న మలెనాడు ప్రాంతంలో డిసెంబరు నుంచి మే దాకా గోమారి పిల్లలు విజృంభించే కాలం. అక్కడ ఏ టీకా అయినా వానలు వెలిసి ఆ కాలం మొదలయ్యేలోపే ఊళ్లకు చేరి, ఒంట్లో పనిచేయడం మొదలుపెట్టాలి.