ఒత్తితే తల గుండ్రమవదు!

* పుర్రె అతుకులు ముందే మూసుకుపోతే మెదడుకు ఇరుకు
* ఏడాది లోపే సరిచేయిస్తే మేలు

మన్నళ్ళి (బీదర్):

పసిబిడ్డకు నీళ్లు పోసే అవ్వలు మాడుకు ఆముదం అద్ది, తలను రెండు చేతులతో ఒత్తి గుండ్రంగా చేయాలని చూస్తారు. తల కోలగా ఉన్నా, ఒక పక్క చదునుగా ఉన్నా 'పెద్దయితే అదే సరైతది' అని ధైర్యం చెప్తారు. చాలామంది పిల్లల్లో ఆ మాట నిజమే. ఎప్పుడూ ఒకే వైపు పడుకోబెట్టడం వల్ల చదునైన తల, బిడ్డ కూర్చోవడం, పాకడం మొదలుపెట్టాక చాలావరకు కుదురుకుంటుంది. అయితే సుమారు 2,000 నుంచి 2,500 మంది శిశువుల్లో ఒకరికి అసలు కారణం పుర్రెలోనే ఉంటుంది. ఆ బిడ్డ విషయంలో నెలలు గడిచేకొద్దీ వైద్యం కష్టమవుతుంది.

అతుకులు ఎందుకు?

పసిబిడ్డ పుర్రె ఒకే చిప్ప కాదు. ఎముక పలకలు, వాటి మధ్య అతుకులు ఉంటాయి. నడినెత్తిన పలకలు కలిసే మెత్తని చోటే మాడు. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర మధ్య ఇది మూసుకుంటుంది. పుట్టినప్పుడు 34, 35 సెంటీమీటర్లుండే తల చుట్టుకొలత ఏడాదికి 45, 46 సెంటీమీటర్లకు చేరుతుంది. పెరిగే మెదడుకు చోటిచ్చేది ఈ అతుకులే.

ఏదైనా అతుకు ముందే ఎముకగా మారితే తల అటు పెరగలేక మరోవైపు సాగుతుంది. నడినెత్తి అతుకు మూసుకుంటే తల పడవలా పొడుగవుతుంది. నుదుటి అతుకైతే నుదురు మధ్య గట్టు తేలుతుంది. రెండు మూడు అతుకులు మూసుకుంటే మెదడుపై ఒత్తిడి పెరిగి చూపు, తెలివి దెబ్బతినే ముప్పుంది. దీన్ని డాక్టర్లు క్రేనియోసినోస్టోసిస్ అంటారు. దీనికి ఒత్తడం, నూనెలు పనిచేయవు.

ఆపరేషన్ ఇలా..

మూడు నెలల ప్రాయంలోనే తెలిస్తే చిన్న కోతతో, ఎండోస్కోపు సాయంతో మూసుకున్న ఎముక పట్టీని తీసేస్తారు. తర్వాత కొన్ని నెలలు హెల్మెట్ పెట్టాలి. ఆలస్యమైతే సాధారణంగా 6 నుంచి 12 నెలల మధ్య పుర్రె తెరిచి, పలకలను తీసి, తీరు దిద్ది మళ్లీ అమరుస్తారు. పెరిగే తల కాబట్టి ఒంట్లోనే కరిగిపోయే ప్లేట్లు, స్క్రూలు వాడతారు.

ఏడాది లోపు అని డాక్టర్లు పట్టుబట్టడానికి కారణముంది. ఆ వయసులో మెదడును కప్పిన పొర కొత్త ఎముకను పుట్టించి ఖాళీలను పూడుస్తుంది. రెండేళ్లు దాటితే ఆ శక్తి తగ్గుతుంది. అప్పుడు ఖాళీలను బిడ్డ ఎముక ముక్కలతోనే పూడ్చాల్సి వస్తుంది.

ఆపరేషన్‌లో పెద్ద భయం రక్తస్రావం. పసివాళ్లలో కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తమే ఉంటుంది. అంటే ఏడు కిలోల బిడ్డ ఒంట్లో ఉన్నది అర లీటరు పైచిలుకే. అందుకే రక్తం, పిల్లల ఐసీయూ సిద్ధంగా ఉన్నచోటే ఆపరేషన్ చేయించాలి.

తొట్టెల నుంచి పడితే..

మూడేళ్ల లోపు పిల్లలు పడి పుర్రె పగిలినప్పుడు, అరుదుగా లోపలి పొర కూడా చిరుగుతుంది. పగులు మానకుండా నెలల తరబడి వెడల్పవుతుంది. మానిందనుకున్న చోట మళ్లీ మెత్తని వాపు వస్తే అనుమానించాలి. ముందు పొరను కుట్టి, ఆపై ఎముకతో ఖాళీ పూడుస్తారు.

సరిహద్దు చిక్కు

ముందుగా బీదర్‌లోని బ్రిమ్స్‌లో పిల్లల డాక్టరుకు చూపించాలి. బెంగళూరు చాలా దూరం కావడంతో పెద్ద ఆపరేషన్లకు ఇక్కడివాళ్లు హైదరాబాద్ వైపే చూస్తారు. నిమ్స్‌లో న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు రెండూ ఉన్నాయి. అయితే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణ కుటుంబాలకే. జహీరాబాద్ చుట్టాలకు వర్తించింది మన్నళ్ళి వాళ్లకు వర్తించదు. ఇక్కడి బీపీఎల్ కుటుంబాలకు ఉన్నది 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక. పరిమితి ఏడాదికి కుటుంబానికి రూ.5 లక్షలు. అత్యవసరం కాకపోతే సర్కారు దవాఖాన నుంచి రిఫరల్ కావాలి. రాష్ట్రం దాటే ముందే కార్డు చెల్లుతుందో లేదో అడిగి బయల్దేరడం మంచిది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

* తల రోజురోజుకూ కోలగానో, మూలగానో మారడం
* అతుకు మీద తడిమితే గట్టిగా గట్టు తగలడం
* మాడు ఉబ్బి బిగుసుకోవడం, ఆగని వాంతులు
* తల చుట్టుకొలత పెరగకపోవడం, లేదా మరీ తొందరగా పెరగడం

టీకాలకు వెళ్లినప్పుడు తల కొలిచి కార్డులో రాయమని అడగండి. టేపుతో నిమిషం పని!