పంతొమ్మిది నెలలు ఆగిపోయిన పరుగు

మా ఇంట్లో నలుగురం కలిసి ఒకే టీవీ ముందు కూర్చోవడం చాలా అరుదు. నాకు క్రికెట్ కావాలి, మా ఆవిడకు ఓటీటీలో కొత్తగా వచ్చిన తెలుగు సినిమా కావాలి, పిల్లలకు ఎవరి టాబ్లెట్ వాళ్లకుంటే చాలు. అలాంటిది మా అందరినీ ఒకే సోఫా మీదికి తెచ్చిన కార్యక్రమం ఒకటుంది. సీబీఎస్‌లో వచ్చే 'ది అమేజింగ్ రేస్'. ప్రపంచం చుట్టూ పరుగు పందెం అన్నమాట. ఈ అలవాటు మాకు చేసింది మా నాన్నగారు.

2019 ఏప్రిల్‌లో అమ్మ, నాన్న డాలస్‌లోని మా ఇంటికి ఆర్నెల్లు ఉండేలా వచ్చారు. అప్పుడు 31వ సీజన్ నడుస్తోంది. నాన్న రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో కంఠతా చెప్పేవారు. ఇంగ్లిష్ సంభాషణలు సగమే అందినా, ఎవరు ఏ విమానం తప్పిపోయారో, ఎక్కడ కనెక్షన్ దొరికిందో ఆయనకు మా అందరికంటే ముందు అర్థమయ్యేది. "వీళ్లు తొందరపడి టాక్సీ ఎక్కారమ్మా, రైలెక్కితే ముందుండేవాళ్లు" అని మనవరాలికి చెప్పేవారు. చాలాసార్లు ఆ మాటే నిజమయ్యేది.

ఈసారి రాయాలనుకున్నది ఈ షోలో 33వ సీజన్ గురించి. మన కుటుంబాల్లో చాలామంది చూసే ఉంటారు. చూడనివారి కోసం ముందు ఆట ఎలా సాగుతుందో చెబుతాను.

ఆట నియమాలు

ఇద్దరిద్దరు చొప్పున జట్లు. భార్యాభర్తలు, అన్నదమ్ములు, తండ్రీకూతుళ్లు, స్నేహితులు, ఎవరైనా కావచ్చు. చేతిలో ఫోన్ ఉండదు. ఖర్చులకు కొద్దిపాటి నగదు ఇస్తారు. ఒక్కో కవరు విప్పుతూ, అందులో రాసిన ఆనవాలు పట్టుకుని తర్వాతి చోటికి వెళ్లాలి. దారిలో పనులుంటాయి. రెండు పనులిచ్చి ఒకటి ఎంచుకోమంటే దాని పేరు డిటూర్. జట్టులో ఒక్కరే చేయాల్సిన పనైతే రోడ్‌బ్లాక్. ఆ రోజు పరుగు ముగిసే చోటు పిట్ స్టాప్. అక్కడ చాప మీద వ్యాఖ్యాత ఫిల్ కియోగన్ నిలబడి ఉంటాడు. ఆఖరున వచ్చిన జట్టు చాలాసార్లు ఇంటికి వెళ్లిపోవాల్సిందే. ఇలాంటి ఒక్కో దశను లెగ్ అంటారు. అన్నీ దాటి చివరి గీత మొదట తొక్కినవారికి 10 లక్షల డాలర్లు.

ఈ షో మొదలైంది 2001 సెప్టెంబర్ 5న. సరిగ్గా ఆరు రోజులకు న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి. జనం విమానం ఎక్కడానికే భయపడుతున్న రోజుల్లో, విమానాల మీద ఆధారపడిన ఆట ఇది. అయినా నిలబడింది. మొదటి సీజన్‌లోనే జట్లు ఢిల్లీ, ఆగ్రా, బికనీర్ కూడా చూశాయి. తర్వాత ఉత్తమ రియాలిటీ పోటీగా పదిసార్లు ఎమ్మీ అవార్డు అందుకుంది. అంతటి షో ఆగిపోయింది మాత్రం 33వ సీజన్‌లోనే.

మూడు లెగ్‌ల తర్వాత

2020 ఫిబ్రవరిలో 11 జట్లతో షూటింగ్ మొదలైంది. మొదట లండన్, ఆ తర్వాత స్కాట్లండ్‌లోని గ్లాస్గో. మూడు లెగ్‌లు పూర్తయ్యాయి, రెండు జట్లు ఓడి వెళ్లిపోయాయి. అప్పటికే కరోనా వార్తలు ముదురుతున్నాయి. ఫిబ్రవరి 28న నిర్మాతలు ఆట ఆపేసి అందరినీ ఇళ్లకు పంపేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అని ప్రకటించింది ఆ తర్వాత 12 రోజులకు, మార్చి 11న. అమెరికా టీవీలో కరోనా వల్ల ముందుగా ఆగిపోయిన షోలలో ఇదొకటి.

ఆగిన ఆట మళ్లీ మొదలయ్యేసరికి 2021 సెప్టెంబర్ వచ్చింది. అంటే దాదాపు 19 నెలలు.

ఆ 19 నెలల్లో మన ఇళ్లలో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. 2020 మార్చి 13 నుంచి ఇండియా దాదాపు అన్ని వీసాలనూ నిలిపివేసింది, ఓసీఐ కార్డుతో వెళ్లే సౌకర్యాన్నీ ఆపింది. ఆ నెలలోనే మామూలు అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. ఆ జాబితాలో పేరు కోసం ఎంతమంది ఎదురుచూశారో తెలిసిందే. ఆ తర్వాత ఎయిర్ బబుల్ ఒప్పందంతో కొన్ని విమానాలు నడిచాయి. 2021 మే 4 నుంచి మాత్రం ఇండియా నుంచి అమెరికాకు వచ్చేవారి మీద ఆంక్షలు పడ్డాయి. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, ఇక్కడి పౌరులైన చిన్నపిల్లల తల్లిదండ్రులకు మినహాయింపు ఉంది. మాలాంటి వాళ్లకు లేదు. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. మా పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో పుట్టినవాళ్లు. పాస్‌పోర్టులో నా వీసా స్టాంపు గడువు కూడా అయిపోయింది.

ఆ మే నెల రెండో వారంలో తెనాలిలో నాన్నకు కరోనా వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. నేను వెళ్లడానికి విమానం ఉంది, తిరిగి రావడానికి దారి లేదు. వెళితే ఎప్పుడొస్తానో తెలియదు, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఇక్కడ మా ఆవిడ, పిల్లలు నా వీసా మీదే ఉన్నారు. "నువ్వు అక్కడే ఉండరా, ఇక్కడ నేనున్నాగా" అన్నాడు తమ్ముడు. నాన్న పోయాక తలకొరివి వాడే పెట్టాడు. పెద్ద కొడుకుని, ఫోన్‌లో చూశాను. పెద్దకర్మ రోజున సిగ్నల్ కూడా సరిగా అందలేదు.

మళ్లీ మొదలైన పరుగు

2022 జనవరి 5న 33వ సీజన్ ప్రసారం మొదలైంది. చూడాలా వద్దా అని నేను తటపటాయించాను. అమ్మాయే పట్టుబట్టి పెట్టింది. "తాతయ్య ఉంటే చూసేవారు కదా నాన్నా" అంది. అప్పటికి దానికి పదకొండేళ్లు.

మొదటి మూడు లెగ్‌లు పాతకాలపు ఆటలాగే ఉన్నాయి. జనంతో నిండిన లండన్ వీధులు, మాస్కుల్లేని ముఖాలు. రాబోయేది వాళ్లకు తెలియదు, చూస్తున్న మనకు తెలుసు. ఆ తర్వాత ఆట ఆగింది, మళ్లీ మొదలైంది. కానీ అందరూ తిరిగి రాలేదు. మిగిలిన తొమ్మిది జట్లలో నాలుగు రాలేకపోయాయి. 19 నెలల్లో ఎవరి బతుకు వాళ్లది మారిపోతుంది కదా. ఒక ప్రేమజంటైతే ఈలోపే విడిపోయింది. అందుకని ముందే ఓడి వెళ్లిపోయిన రెండు జట్లను నిర్వాహకులు తిరిగి పిలిచారు. అందులో ఒకటి భారతీయ మూలాలున్న అరుణ్ కుమార్, ఆయన కూతురు నటాలియా జట్టు. ఓడి ఇంటికి పోయిన తండ్రీకూతుళ్లకు ఏడాదిన్నర తర్వాత మళ్లీ పిలుపొచ్చిందంటే మా పిల్లలు చప్పట్లు కొట్టారు. మొత్తం ఏడు జట్లతో స్విట్జర్లాండ్‌లో పరుగు తిరిగి మొదలైంది. అక్కడి నుంచి ఫ్రాన్స్, గ్రీస్, పోర్చుగల్, ఆఖరుకు లాస్ ఏంజిలిస్.

ఆట తీరులో పెద్ద మార్పు విమానం విషయంలో వచ్చింది. మామూలు విమానాల్లో జనం మధ్య ప్రయాణిస్తే ప్రమాదమని, ఒక బోయింగ్ 757 విమానాన్నే అద్దెకు తీసుకుని అన్ని జట్లనూ అందులో తిప్పారు. వినడానికి చిన్న మార్పే. కానీ ఆటకు ప్రాణం అక్కడే ఉంది.

ఎందుకంటే పాత పద్ధతిలో విమానాశ్రయమే అసలు యుద్ధభూమి. రెండు గంటలు ముందున్న జట్టు విమానాశ్రయానికి పరుగెత్తుకొస్తుంది, తెల్లవారేదాకా విమానం ఉండదు. ఈలోగా వెనకున్న జట్టూ వచ్చి అదే విమానం ఎక్కేస్తుంది. రెండు గంటల ఆధిక్యం ఆవిరైపోతుంది. లేదంటే వెనకున్నవాళ్లు కౌంటర్ దగ్గర బతిమాలుకుని వేరే ఊరి మీదుగా కనెక్షన్ పట్టి అందరికంటే ముందు దిగుతారు. నాన్నకు నచ్చింది ఈ భాగమే. అందరూ ఒకే విమానంలో ఎగిరితే ఈ లెక్కలేవీ ఉండవు. అందుకని ముందు లెగ్‌లో వచ్చిన వరుసను బట్టి జట్లను కొంత తేడాతో వదిలారు. ఆట న్యాయంగానే సాగింది, కానీ ఆ కౌంటర్ల దగ్గరి గుండెదడ మాత్రం పోయింది. దేశాలు కూడా యూరప్‌తోనే సరిపెట్టారు. మన ఆసియా, ఆఫ్రికా వీధులు ఈ సీజన్‌లో కనిపించవు.

గెలిచింది నార్త్ కరోలినాకు చెందిన కిమ్, పెన్ హోల్డర్‌నెస్ దంపతులు. ఇంటి కబుర్లతో సరదా పాటల వీడియోలు చేసే జంట ఇది. లాక్‌డౌన్ రోజుల్లో వాళ్ల వీడియోలు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగాయి. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ర్యాన్ ఫెర్గుసన్. మిస్సోరీలో చేయని హత్యకు శిక్షపడి దాదాపు పదేళ్లు జైల్లో గడిపి, 2013లో బయటికొచ్చిన మనిషి. స్నేహితుడు డస్టీతో కలిసి పరుగెత్తాడు. పోయిన పదేళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అతను మాత్రం ప్రతి ఊళ్లోనూ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తూ, నవ్వుతూ పరుగెత్తాడు.

అమ్మాయి అడిగిన ప్రశ్న

జట్లు తిరిగి వచ్చిన ఎపిసోడ్ అయ్యాక మా అమ్మాయి అడిగింది. "నాన్నా, వాళ్లు సెప్టెంబర్‌లో వేరే దేశాలకు వెళ్లారు కదా. మనం తాతయ్య దగ్గరికి ఎందుకు వెళ్లలేదు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. నిజానికి ఆ ప్రశ్న ఎనిమిది నెలలుగా దాని మనసులో ఉందని నాకప్పుడే తెలిసింది. మేమిద్దరం పిల్లలకు "కుదర్లేదమ్మా" అని మాత్రమే చెప్పాం. వాళ్లకు అర్థం కాదనుకున్నాం. ఆ రాత్రి టీవీ ఆపి, ఒక కాగితం మీద తేదీలు రాసి చూపించాను. ఎప్పుడు ఏ దారి మూసుకుపోయిందో, ఎవరికి మినహాయింపో, మన వీసాలేమిటో, నేను వెళ్లి ఉంటే ఏమయ్యేదో. ఇండియా నుంచి వచ్చేవారి మీద ఆంక్షలు 2021 నవంబర్ 8న తొలగాయని కూడా రాశాను. అది మొత్తం చదివి "అయితే నువ్వు రావొద్దనుకోలేదు, రాలేకపోయావు" అంది. అవునన్నాను. కానీ పూర్తిగా నిజం కాదది. వెళ్లే విమానం ఉంది. మిమ్మల్ని వదిలి వెళ్లకూడదని నేనే నిర్ణయించుకున్నాను. ఆ మాట కూడా చెప్పాను. అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది.

ఈ కాలమ్ చదివే తల్లిదండ్రులకు నా మనవి ఇదొక్కటే. ఆ రెండేళ్లలో మీ ఇంట్లోనూ ఎవరో పోయి ఉంటారు, ఏదో పెళ్లి తప్పిపోయి ఉంటుంది. పిల్లలకు కారణం చెప్పకపోతే వాళ్లే ఒకటి ఊహించుకుంటారు. వీసా అంటే ఏమిటో, స్టాంపింగ్ ఎందుకో, మనం ఊరెందుకు వెళ్లలేకపోయామో పదేళ్ల పిల్లలకు చక్కగా అర్థమవుతుంది.

తర్వాతి సీజన్లు

34వ సీజన్ కూడా అద్దె విమానంలోనే సాగింది. 2023 సెప్టెంబర్‌లో మొదలైన 35వ సీజన్‌తో మామూలు విమానాలు తిరిగి వచ్చాయి, ఎపిసోడ్ గంటన్నరకు పెరిగింది. జట్లు థాయ్‌లాండ్, వియత్నాం మీదుగా మన జైపూర్‌కు కూడా వచ్చాయి. పిల్లలతో చూడాలనుకుంటే 33, 35 సీజన్లు పక్కపక్కన చూడండి. విమానాశ్రయం ఉన్న ఆటకూ లేని ఆటకూ తేడా వాళ్లే చెబుతారు. మ్యాప్ ఒకటి ముందు పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇండియా మామూలు అంతర్జాతీయ విమానాలను 2022 మార్చి 27న తిరిగి మొదలుపెట్టింది. మే నెలలో నాన్న సంవత్సరీకానికి మేం నలుగురం తెనాలి వెళ్లాం. అమ్మ ఆయన పెట్టె తెరిచి పిల్లలకు చూపించింది. పాత రైల్వే టైమ్‌టేబుళ్ల మధ్య ఒక చిన్న నోటుపుస్తకం దొరికింది. 2019లో మా ఇంట్లో కూర్చుని రాసుకున్నది. 31వ సీజన్ జట్ల పేర్లు తెలుగులో, ఎదురుగా ఎవరు ఏ విమానం ఎక్కారో, ఎవరు ఎంత ఆలస్యంగా దిగారో లెక్కలు. ఆఖరి పేజీలో "వచ్చే సీజన్" అని రాసి, కింద గీత గీసి ఖాళీగా వదిలేశారు.

ఆ పుస్తకం ఇప్పుడు మా అమ్మాయి దగ్గరుంది. 35వ సీజన్ లెక్కలు ఆ పేజీ నుంచే మొదలుపెట్టింది.