కింది వరుసలో చిన్న గీత

ఎన్నూరు నుంచి సముద్రం పక్కనే దక్షిణంగా వస్తే తిరువొత్తియూరు, కాస్త లోపలికి మణలి. ఇప్పుడా దారిలో కనిపించేవి ట్యాంకర్ లారీలు, రిఫైనరీ గొట్టాలు. అయినా రాగానికి అక్షరాలు అమర్చే పనితో ఈ రెండూళ్లకూ పాత చుట్టరికముంది.

ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) కుర్రతనం కొంతకాలం మణలి ముదలియార్ల ఆదరణలో గడిచింది. చెన్నపట్నం కోటలో దొరల బ్యాండు వాయించే మెట్లకు ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నోట్టుస్వరాలు. ‘సంతతం పాహిమాం’ అచ్చంగా ఇంగ్లండు రాజగీతం మెట్టే. వీటిలో చాలాచోట్ల స్వరానికో అక్షరం పడుతుంది, కాబట్టి అచ్చువేసేవారికి పెద్ద పేచీ లేదు.

పేచీ అంతా వర్ణాలతో, కృతులతో. వీణ కుప్పయ్యర్ కుమారుడు తిరువొత్తియూరు త్యాగయ్యర్ 1900లో ‘పల్లవి స్వరకల్పవల్లి’ని వెలువరించారు. అలాంటి పుస్తకాల్లో పై వరుస స్వరాలది, కింది వరుస సాహిత్యానిది. ‘స’ ఒక అక్షరకాలం, ‘సా’ రెండు. కామా ఒకటి, సెమికోలన్ రెండు. మరి సాహిత్యంలో ఒకే అక్షరం నాలుగైదు స్వరాల మీద సాగితే? కొందరు చుక్కలు పెడతారు, కొందరు ‘రా ఆ ఆ’ అని రాస్తారు, కొందరు అడ్డగీతలు గీస్తారు.

గ మ ప మ గ రి
రా – – – మ –

ఇక్కడ ‘మ’ ఐదో స్వరం కింద ఉంది. ఒక్క గీత ఎగిరిపోతే నాలుగో దాని కిందికి జరుగుతుంది, మాట తాళంలో తప్పుచోట పడుతుంది. పాశ్చాత్యుల అయిదుగీతల పద్ధతిలో మాట మధ్యలో అయితే చిన్న గీతలు. మాట పూర్తయ్యాక చివరి అక్షరం సాగితే అడుగున పొడవాటి గీత. మనం రెండింటికీ ఒకే గీత వాడేస్తాం. మాట ఎక్కడ ముగిసిందో పాడేవారికి ముందే తెలిసుండాలి.

ఒకచోట మాత్రం మన లిపిదే పైచేయి. ‘కృష్ణ’ను గొంతు ‘కృష్–ణ’ అని విరుస్తుంది, లిపి ‘కృ–ష్ణ’ అని. సాగదీయాల్సింది ‘కృ’నే, ‘ష్’ చివరి క్షణంలో పలికితే చాలు. ‘కృ – – ష్ణ’ అని రాస్తే ఆ సంగతి కంటికే తెలిసిపోతుంది.

కంప్యూటర్లో స్పేస్‌బార్ నొక్కుతూ అక్షరాలు సర్దితే ఫాంటు మారగానే వరుసంతా చెదిరిపోతుంది. తెలుగు అక్షరాల వెడల్పులు ఒకటి కావు మరి. టేబుల్ గీసి గడికో స్వరం, దాని కింది గడిలో అక్షరం పెట్టడం మేలు. ఆపై ప్రూఫు తీసుకుని, తొడమీద తాళం వేస్తూ ఒకసారి పాడి చూసుకోవాలి. జారిన గీత కంటికంటే ముందు చేతికి దొరుకుతుంది.