రాజమండ్రి భక్తి, బర్మింగ్‌హామ్ చదువు

పులిదిండి సాల్మన్ రాజ్ గారు చాలామందికి చిత్రకారుడిగా తెలుసు. చెక్క మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మలు, బాతిక్ చిత్రాలు, విజయవాడలో ఆయన నడిపిన లలితకళా ఆశ్రమం, వీటి గురించి పత్రికల్లో వచ్చింది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం ఇంకో పని వల్ల పెరిగింది. ఆయన లూథరన్ పాస్టరు. అయినా లూథరన్ సంఘం నుంచి విడిపోయిన బైబిల్ మిషన్‌ని తప్పుపట్టడానికి కాకుండా అర్థం చేసుకోవడానికి కూర్చున్నారు. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో దాని మీద పరిశోధన చేశారు. అది 1986లో జర్మనీలో పుస్తకంగా అచ్చయింది. రాజమండ్రిలో పుట్టిన ప్రార్థన అంత దూరం వెళ్లి పాఠం అయింది.

థియాలజీ అంటే దైవశాస్త్రం. దేవుడి గురించి, రక్షణ గురించి క్రమంగా ఆలోచించే చదువు. చాలాకాలం ఆ ఆలోచన యూరపులో జరగడం, మిగతా ప్రపంచం దాన్ని వల్లించడం అన్నట్టు సాగింది. 1970లలో ఆ పద్ధతిని గట్టిగా ప్రశ్నించినవాళ్లలో ఆసియావాళ్లు ముందున్నారు. తైవాన్‌కు చెందిన షోకి కో, ఏ సంఘమైనా తన నేల, తన కాలం అడిగే ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాలన్నాడు. జపాన్ నుంచి థాయ్‌లాండ్ వెళ్లి పాఠాలు చెప్పిన కొసుకే కొయామా 1974లో ‘వాటర్ బఫెలో థియాలజీ’ అనే పుస్తకం వెలువరించాడు. వరి మడుల్లో గేదెలతో బురదలో పనిచేసే రైతుకి అందని బోధ తనకెందుకని ఆయన ఆవేదన. మా గోదావరి డెల్టావాళ్లకి ఈ మాట ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

అప్పట్లో బర్మింగ్‌హామ్‌లో ఆచార్యుడు వాల్టర్ హోలెన్‌వెగర్. స్విట్జర్లాండ్ దేశస్థుడు. పాట, సాక్ష్యం, కల, నాట్యం ఇవన్నీ దైవశాస్త్రమేనని, రాతకోతలు లేని విశ్వాసి కూడా ఆలోచనాపరుడేనని ఆయన వాదించాడు. సాల్మన్ రాజ్ గారి పుస్తకం వచ్చిన గ్రంథమాల సంపాదకుల్లో ఆయన కూడా ఒకరు.

నేను ధవళేశ్వరంలో ఉంటాను. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఊరి మనిషిగా ఈ చదువుని నేను ఆనకట్ట దగ్గర మొదలుపెడతాను. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలతో మన తీరానికి వచ్చారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువుల మిషనరీలు కారు. నరసాపురం, పాలకొల్లు వాళ్ల కేంద్రాలు. 1847లో కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట మొదలుపెట్టాక వేల మంది కూలీలు చేరారు. వాళ్ల మధ్య బౌడెన్ బోధించాడు. రాయి కొట్టడం తెలిసినవాడు రాళ్లు మోసేవాళ్లతో మాట్లాడాడు. విన్నవాళ్లు ఏ కష్టం మనసులో పెట్టుకుని విన్నారో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. కానీ మిగిలిన కాగితాల్లో ఎక్కువగా వినిపించేది చెప్పినవాళ్ల గొంతే.

పాటల దగ్గరికి వస్తే విషయం ఇంకా చిక్కగా ఉంటుంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాట పైన రాగం, తాళం ఉంటాయి. అందులో ఎన్నో కీర్తనలు పురుషోత్తమ చౌదరి గారివి. ఆయన 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. సంస్కృతం నిండిన ఆ కీర్తనల్ని మాల, మాదిగ పేటల్లో కూలి చేసుకునే తల్లులు నోటికి పాడేవారు, ఇప్పటికీ పాడతారు. అందం ఉంది, నేను కాదనను. కానీ క్రీస్తుని ‘మన సంస్కృతి’లోకి తెచ్చాం అన్నప్పుడు అది ఎవరి సంస్కృతి? 1980లలో దైవశాస్త్ర ఆచార్యులు అరవింద్ నిర్మల్ ఈ ప్రశ్నే వేశారు. భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం అగ్రవర్ణాల తత్వాన్నే తిప్పి తిప్పి చెబుతోందనీ, సంఘంలో అత్యధికులైన దళితుల బాధ అందులో లేదనీ అన్నారు. దళిత దైవశాస్త్రం అలా నిలబడింది. జాషువా గారిని తలుచుకుంటే ప్రశ్న ఇంకా లోతవుతుంది. అంటరానితనం అనుభవించిన కవి, ఛందోబద్ధమైన పద్యాన్నే చేతబట్టి ‘క్రీస్తు చరిత్ర’ రాశారు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పద్యం ఎవరి సొత్తూ కాదని ఆయన రాసి చూపించారు.

బైబిల్ మిషన్ స్థాపకులు ముంగమూరి దేవదాసు అయ్యగారు రాజమండ్రి దగ్గర జేగురుపాడువారు. 1938 జనవరి 31న ‘బైబిల్ మిషన్’ అనే పేరు గాలిలో బంగారు అక్షరాలతో ఆయనకు కనిపించిందని విశ్వాసులు చెబుతారు. దర్శనాలు, కలలు, స్వస్థత, సన్నిధి కూటంలో మౌనంగా కనిపెట్టుకుని ఉండటం, ఇవీ ఆ మిషన్ ఊపిరి. విదేశీ మిషన్ డబ్బు లేదు. సెమినరీ లెక్కన చూస్తే ఇదంతా దారి తప్పడం. సాల్మన్ రాజ్ గారు మాత్రం పాటల్నీ, కలల్నీ, సాక్ష్యాల్నీ పాఠ్యగ్రంథాల్లా చదివారు. జబ్బుకి డాక్టరు దొరకని పల్లెలో స్వస్థత మాట లేని సువార్త సగమే కదా. నాకు మిషన్ బోధలన్నీ సమ్మతం కాకపోయినా ఆ ఆకలి నిజమని నమ్ముతాను.

1964లో పలు సంఘాలు కలిసి రాజమండ్రిలోనే ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ పెట్టుకున్నాయి. తర్వాత అది హైదరాబాదు వెళ్లిపోయింది. అక్కడ చదివే పిల్లలకు ఆఫ్రికా, లాటిన్ అమెరికా ఆలోచనలు చెప్పాల్సిందే. దాంతోపాటు సెలవుల్లో కడియం, ఆలమూరు పేటలకీ పంపాలి. ప్రసంగం చెయ్యడానికి కాదు, వినడానికి. ఏ కీర్తన ఏ కష్టంలో పాడుకుంటారు, ఏ వరస ఎవరు మార్చారు, చనిపోయిన బిడ్డ గురించి దేవుణ్ణి ఏమని అడిగారు, రాసుకుని రావాలి.

మా ప్రార్థన గుంపులో పెద్దమ్మలు చెప్పే సాక్ష్యాలు, వాళ్ల అనుమతితోనే, నేను నోటుబుక్కుల్లో రాస్తున్నాను. వరి కోతల మధ్య వచ్చిన కలలు, పాము కాటు రాత్రి చేసిన ప్రార్థన, కొడుకు గల్ఫ్ వెళ్లాక నేర్చిన పాట. దైవశాస్త్రం చదివే అమ్మాయిగానీ అబ్బాయిగానీ వచ్చి, వీటిని శ్రద్ధగా చదువుతానంటే, ఆ పెద్దమ్మలు సరేనంటే, బుక్కులన్నీ ఇచ్చేస్తాను.