గదికి జిప్సం గోడ: ఎన్ని బోర్డులు కావాలి?

ఒక హాలును రెండు గదులుగా విడదీయాలంటే ఇప్పుడు చాలామంది ఇటుకల జోలికి పోవడం లేదు. జింకు పూత ఉన్న పలుచని ఇనుప చట్రం నిలబెట్టి, దానికి రెండు వైపులా జిప్సం బోర్డులు బిగిస్తున్నారు. మేడ మీది గదులకు ఇది మరీ మేలు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తుతో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కడితే ప్లాస్టరింగుతో కలిపి రెండు టన్నులు దాటుతుంది. అదే కొలతకు జిప్సం గోడ పావు టన్ను దగ్గర ఆగుతుంది. ఆ బరువు మోయాల్సింది కింది శ్లాబే కదా!

ఇలాంటి పనికి సాయం అడిగినప్పుడు దాతల చేతికి తరచుగా ఒకే ఒక్క మొత్తం రాసిన కాగితం వస్తుంది. దాని వెనకున్న లెక్క ఎవరైనా వేసుకోగలిగినదే.

పై గోడనే తీసుకుందాం. 12ను 10తో గుణిస్తే 120 చదరపు అడుగులు. రెండు ముఖాలు కనుక 240. (మా ఇంట్లో పని జరిగినప్పుడు నేను ఒక ముఖమే లెక్కవేసి సగం బోర్డులు తెప్పించాను. ఆటో కిరాయి రెండుసార్లు కట్టాను.) మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే బోర్డు పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు, మందం 12.5 మిల్లీమీటర్లు. అంటే 24 చదరపు అడుగులు. 240ని 24తో భాగిస్తే 10 బోర్డులు. తలుపు ఖాళీని ఇందులోంచి తీసివేయకండి. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు ఉంటే రెండు వైపులా కలిపి 42 చదరపు అడుగులు మిగులుతాయి. కోతలో పోయే ముక్కలకు అది సరిపోతుంది. తలుపు లేని గోడకైతే నూటికి పది చొప్పున కలిపి 11 బోర్డులు తెప్పించాలి.

చట్రానికి 2 అడుగులకొకటి చొప్పున 7 నిలువు స్టడ్లు, తలుపుకు రెండు పక్కలా మరో 2. చానల్ పైన 12 అడుగులు, కింద తలుపు వదిలి 9, తలుపు నెత్తిన 3, మొత్తం 24. స్క్రూలు, టేపు, పుట్టీ చిన్న ఖర్చులే గానీ, అతుకుల మీద టేపు మానేస్తే గోడ వెంట పగుళ్లు తేలతాయి.

అసలు జాగ్రత్తపడాల్సింది నీటి దగ్గర. మామూలు బోర్డు తడి పీల్చి మెత్తబడుతుంది. వుజూ చేసే చోటు, స్నానాల గది పక్కన వచ్చే గోడకు తేమను తట్టుకునే ఆకుపచ్చ బోర్డు అడగాలి. నీళ్లు నేరుగా పడే చోట అదీ పనికిరాదు. ఏ బోర్డయినా నేలకు ఆనించకుండా ఒక సెంటీమీటరు ఎత్తులో బిగించమనండి, తడిగుడ్డ పెట్టినప్పుడల్లా అంచు నానకుండా ఉంటుంది.

పుస్తకాల అరలు ఎక్కడొస్తాయో రెండో వైపు మూయకముందే చెప్పాలి. అక్కడ స్టడ్ల మధ్య ప్లైవుడ్ పెట్టించాలి. ఒట్టి బోర్డు ఆ బరువు మోయదు.