పాక్‌మాన్ పాపాయి ఆట

గోలీలాట నెఱుఁగని యిల్లు మనలో నరుదు. పిల్లలు నేలపై చిన్న గుంట త్రవ్వి, వ్రేలితో గోలీని విసరి గుఱి కొట్టుచుందురు. ఆ గోలీ గాజుది గాక యుక్కుదై, నేలకు మాఱుగా వాలుగా నమర్చిన పెద్దబల్లపై పరుగెత్తుచు, గుఱి తగిలినప్పుడెల్ల గంట మ్రోగి, దీపము వెలిఁగి, లెక్క తనంతట తాను పెరుగుచున్నచో నెట్లుండునో సోదరీమణులు ఊహింపవచ్చును. అమెరికాదేశమున నీ యాటను పిన్‌బాల్ అందురు. బల్లపై గాజు కప్పియుండుటచేత ఆడువారు బంతిని చేతితో తాఁకుటకు వీలు లేదు. బంతి యడ్డుకొలత యించుమించు 27 మిల్లీమీటర్లు, బరువు 80 గ్రాములు. బల్ల వాలుగా నున్నందున నది యెప్పుడును మనవైపునకే దొరలి వచ్చుచుండును. దిగువను, మనకు దగ్గఱగా, ఫ్లిప్పరులను రెండు చిన్న రెక్కలు గలవు. పెట్టె కిరుప్రక్కల నున్న బొత్తాములను నొక్కినచో, లోపలి రాగితీఁగ చుట్టలలో విద్యుత్తు ప్రవహించి, ఆ రెక్కలు చటాలున పైకి లేచి బంతిని మరల మీఁదికి కొట్టును. రెండు రెక్కల నడుమను సందు గలదు. అందు పడిన బంతి పోయినట్లే.

వినుటకు పిల్లలాటవలె నున్నను, దీనికొఱకు నగరసభలలో వాదోపవాదములు జరిగినవి. 1871లో సిన్సినాటి నగరమున మాంటేగు రెడ్‌గ్రేవు అనునతఁడు స్ప్రింగుకాడతో బంతిని పైకి తోయు చిన్నబల్లకు పేటెంటు పొందెను. 1931లో గాట్లీబు సంస్థవారి బాఫుల్‌బాల్ అను బల్ల అమెరికా యంతట వ్యాపించెను. అవి పనులు లేక జనులు పస్తులున్న దినములు. ఒక్క పెన్నీ నాణెమునకు కొంతసేపు మనసు మఱలునుగదా యని పేదవారు సయితము దీనిని ఆడిరి. అయితే అప్పటి బల్లలకు రెక్కలు లేవు. కాడను లాగి బంతిని వదలిన పిమ్మట దాని గతి దానిది, బల్లను కొంచెము కుదుపుట తప్ప ఆడువారు చేయగలది లేదు. ఇది జూదమేయని న్యూయార్కు మేయరు లాగ్వార్డియా 1942లో నిషేధము విధించి, వేలకొలఁది యంత్రములను పట్టించి, సమ్మెటలతో పగులఁగొట్టించెను. ఫ్లిప్పరులు వచ్చినది 1947లో, గాట్లీబువారి హంప్టీడంప్టీ అను యంత్రముతో. నాఁడే యీ యాట అదృష్టమును విడిచి నేర్పుచెంతకు చేరినదనవలెను. న్యూయార్కు శాసనమునకు మాత్ర మా సంగతి తెలియుటకు 1976 దాఁక పట్టెను! ఆ సంవత్సరమున రోజరు షార్పు అను యువకుఁడు నగరసభ్యుల యెదుట ఆడి చూపి, కాడను లాగుటకు ముందే బంతి యే సందున పోవునో చెప్పి, అట్లే పోనిచ్చెను. అంతట నిషేధము తొలఁగెను.

నేర్పా, అదృష్టమా యను ప్రశ్న మనకును క్రొత్తది కాదు. పచ్చీసులో గవ్వ పడుట అదృష్టము, పడిన గవ్వకు ఏ కాయను నడుపవలెనో తెలియుట నేర్పు. వైకుంఠపాళిలో నేర్పునకు తావే లేదు. పిన్‌బాల్ పచ్చీసు జాతికి చెందినది.

ఇఁక పాక్‌మాన్ మాట. 1980లో జపానుదేశపు నామ్‌కో సంస్థలో తోరు ఇవాతని అను యువకుఁడు ఈ వీడియో ఆటను కల్పించెను. ఆ కాలపు ఆటశాలలు మగపిల్లలతో నిండి, తెరలపై తుపాకులు పేల్చుట తప్ప వేఱొండు లేక, ఆఁడువారు గడప త్రొక్కుటకే యిష్టపడకుండిరి. స్త్రీలు కూడ వచ్చి యాడునట్టి యాట కావలెనని యతఁడు తలఁచి, తినుట యను విషయమును గైకొనెను. ఆఁడువారికి మిఠాయిలు ప్రియమని యాతని యూహ! మగవారికి మిఠాయిలు ప్రియము కావా యని అడుగఁదగును గాని, ఆ యూహ ఫలించిన మాట నిజము. పసుపుపచ్చని గుండ్రని నోరు చిక్కుదారులలో తిరుగుచు చుక్కలను మ్రింగుచుండును, నాలుగు భూతములు తఱుముచుండును. మూలల నున్న నాలుగు పెద్ద గుళికలలో నొకదానిని తిన్నచో కొన్ని క్షణములు భూతములే భయపడి పాఱిపోవును, వానినే తినవచ్చును. 1982లో అమెరికాలో శ్రీమతి పాక్‌మాన్ వచ్చినది. ఆ యాట నడుమ చూపు చిన్న నాటకములలో మూఁడవదానియందు కొంగ యొకటి మూట తెచ్చి విడుచును, అందుండి పసిబిడ్డ బయటపడును. ఆ యేఁడే బ్యాలీ సంస్థవారు ఆ బిడ్డపేర నొక యంత్రమును చేసిరి. దాని పేరు బేబీ పాక్‌మాన్.

ఈ యంత్రము సగము వీడియో, సగము పిన్‌బాల్. నిలువుగా నున్న భాగమున తెర, దాని క్రింద పొట్టిగా నొక పిన్‌బాల్ బల్ల. ముందువైపున మధ్యను పాపాయిని నడుపు పిడి, ఇరుప్రక్కల ఫ్లిప్పరుల బొత్తాములు. నాణెము వేయఁగానే తెరపై ఆట మొదలగును. పాపాయి చిక్కుదారులలో చుక్కలు తినుచు పోవును, భూతములు వెంటఁబడును. ఇంతవఱకును తలిదండ్రుల యాటయే. అయితే చూచినవెంటనే కనఁబడు భేద మొకటి గలదు. మూలలలో గుళికలు లేవు! పాపాయి చేత నేమియు లేకుండ భూతముల నడుమ నిలిచియున్నది. కావలసిన గుళికలను క్రిందిబల్లపై మనమే సంపాదించి తెచ్చి యీయవలెను.

తెర యడుగుభాగమున రెండు సొరంగముల నోళ్లు గలవు. పాపాయిని అందు దింపఁగానే తెరపై ఆట నిలిచిపోవును. క్రిందిబల్లపైకి నిజమైన ఉక్కుబంతి వచ్చి పడును. చేయి పిడిని విడిచి బొత్తాములను పట్టుకొనవలసినది ఆ క్షణముననే. బల్లపై కొన్ని గుఱులను కొట్టినచో గుళికలు లభించును, మఱికొన్ని తెరపై దొరకు పండ్ల విలువను పెంచును, వేఱు కొన్ని సొరంగవేగమును హెచ్చించును. బంతి జాఱి సందున పడినచో, మామూలు పిన్‌బాల్‌లోవలె ఒక యవకాశము పోదు. బిడ్డ ప్రాణమునకును ముప్పు లేదు. ఆట తెరకు మరలును, సంపాదించిన గుళికలు మూలలలో వెలయును, అంతే. ప్రాణము పోవునది భూతము చేత చిక్కినప్పుడే.

చిక్కంతయు నిందుమీఁదట నున్నది. పాపాయి పైకి రాఁగానే సొరంగముల నోళ్లు మూసికొనును. చుక్కలన్నియు తినివేసి క్రొత్త తెర చేరువఱకైనను, ఒక ప్రాణము పోవువఱకైనను అవి మరల తెఱవఁబడవు. కావున ఎప్పుడు దిగవలె నన్నదే యీ యాటకు గుండెకాయ. మొదలే దిగితిమా, బంతి రెండు దెబ్బలకే జాఱిపోయెనా, ఇఁక నిండుతెరను ఒక్క గుళికయైన లేకుండ, తలుపులు మూసిన యింటిలో దొంగలతోవలె, భూతములతో గడపవలెను. చాలసేపు దిగకుండిన నేమందురా, దిగుటకుముందే భూతము పట్టును. నా తలంపున నడిమిత్రోవ మేలు. సొరంగపు నోటికి దగ్గఱగా నున్న చుక్కలను ముందు తినుచు, భూతములు మఱీ దగ్గఱకు వచ్చునప్పుడు చటుక్కున దిగవలెను. సొరంగము సంపాదనకు దారి మాత్రమే కాదు, తఱుముడునుండి తప్పించుకొను చాటు గూడ. దానిని ఊరక ముందే ఖర్చుచేసికొనుట తెలివి గాదు.

బంతిని కొట్టుటలో క్రొత్తవారందఱును చేయు పని యొకటి గలదు. కంగారుతో రెండు బొత్తాములను ఒకేసారి టకటక నొక్కుచుందురు. రెండు రెక్కలును లేచియున్నప్పుడు వాని నడిమి సందు మఱింత పెద్దదగును, బంతి సూటిగా దానిలోనికే పోవును. బంతి యే ప్రక్కకు వచ్చుచున్నదో చూచి యా రెక్కనే యెత్తవలెను. ఎత్తిన రెక్కను దింపక పట్టియుంచినచో, ప్రక్కనుండి దొరలివచ్చిన బంతి రెక్క మొదట యొదిగి, ఉయ్యాలలో బిడ్డవలె నిలిచిపోవును. నేర్పరులు చేయునది యిదియే. బంతి నిలిచిన పిమ్మట తొందర లేదు, ఊపిరి పీల్చుకొని గుఱి చూచుకొనవచ్చును. పిదప రెక్కను దింపినచో బంతి మెల్లగా కొనవైపునకు జాఱును. అది రెక్కపై నేచోట నుండఁగా కొట్టితిమో దానినిబట్టి పోవు దిక్కు మాఱును. వ్రేలి పొడవునకు మించని యా దూరమునందలి తేడాలను కంటితోను చేతితోను గుర్తించుటయే యీ విద్య. ముగ్గుపిండి వదలునప్పుడు వ్రేళ్లకు తెలియు కొలత యెట్టిదో యిదియు నట్టిది.

మఱియొక సంగతి. పెట్టెను కొంచెము తట్టి, కుదిపి, బంతి దారిని మార్చుట తప్పు గాదు, అదియు నాటలో భాగమే. కాని పెట్టెలోపల నొక కడియము నడుమను గుండు వ్రేలాడుచుండును. కుదుపు మితిమీఱి గుండు కడియమునకు తగిలినచో యంత్రము దానిని పసిగట్టి, ఫ్లిప్పరుల శక్తి నార్పివేయును. దీనిని టిల్టు అందురు. అప్పుడు బొత్తాము లెంత నొక్కినను ఫలము లేదు, బంతి మనకన్నుల యెదుటనే జాఱిపోవును.

బేబీ పాక్‌మాన్ యంత్రములు 7,000 మాత్రమే చేయఁబడినవి. రెండు విద్యలను ఒక పెట్టెలో నిమిడ్చినందున, తెర చెడినను ఆట నిలుచును, బల్ల చెడినను నిలుచును. ఆటశాలలవారికి మరమ్మతు పని యిబ్బడియయ్యెను. పైగా 1983లో అమెరికా వీడియో ఆటల వ్యాపారమే క్రుంగెను. నేఁడు మిగిలిన యంత్రములను ఎక్కువగా సేకరించువారును, పాతయాటల ప్రదర్శనశాలలవారును కాపాడుచున్నారు. చిక్కుదారులలో నేర్పరులైనవారు బల్లపై తడఁబడుదురు, బల్లపై నేర్పరులు దారులలో చిక్కుకొందురు. నాకు చూడఁగా నిదియే దీనియందలి సొగసు, వ్యాపారమునకు మాత్ర మిదియే కీడై యుండును.

మన యిండ్లలో నిట్టి యంత్రము లేకున్నను పిన్‌బాల్ బొత్తిగా పరాయిది గాదు. విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు లున్న కాలమున స్పేస్ కాడెట్ అను పిన్‌బాల్ ఆట అందులోనే వచ్చుచుండెను. ఎందఱో పిల్లలు పాఠము వ్రాయుచున్నా మని చెప్పి దానినే ఆడిరి. అప్పటి పాతపెట్టె యింకను నడచుచున్న యిండ్లలో తల్లులును ప్రయత్నింపవచ్చును. స్పేస్ మీటను నొక్కిపట్టి విడిచిన బంతి పైకి పోవును. ఎడమరెక్కకు జడ్ అక్షరము, కుడిరెక్కకు ఏటవాలు గీఁత. రెండింటిని కలిపి నొక్కకుఁడు. బల్లను కుదుపుటకును అందు మీటలు గలవు, వానిని మితిమీఱి వాడినచో అక్కడను టిల్టు అగును.